మేడమీద ఆంటీ కాళ్ళ మీద నీలం

నా చిన్నప్పుడు మా చెవులెప్పుడూ ఇంటి కప్పు మీదే ఉండేవి. అమెరికాలో ఫార్మింగ్టన్ హిల్స్‌లో మేమున్న అపార్ట్‌మెంట్లు చెక్కతో కట్టినవి. పైవాళ్ళు నడిస్తే కింద తెలిసేది, కుర్చీ జరిపితే తెలిసేది, బరువైనదేదైనా పడితే మా అల్మరాలో గిన్నెల మూతలు గలగలమనేవి. మా పైన ఉన్నదీ తెలుగువాళ్ళే, మా చర్చి సంఘంవాళ్ళే. నాకు వాళ్ళు మేడమీద ఆంటీ, మేడమీద అంకుల్. అప్పటికింకా వాళ్ళకు పిల్లలు లేరు. అంకుల్ కార్ల ప్లాంట్‌లో రంగులు తనిఖీ చేసేవారు. కొత్తగా రంగేసిన బండి ముందుకొస్తే పెద్ద పెద్ద దీపాల కింద నిలబడి, సూదిమొనంత మచ్చ ఉన్నా కనిపెట్టి వెనక్కి పంపేయడం ఆయన పని.

నాకు ఉబ్బసం. మిషిగన్ చలికి బడికి వెళ్ళిన రోజులకన్నా మంచం మీద ఉన్న రోజులే ఎక్కువవుతుంటే, మా అమ్మ ఇక లాభం లేదని ఇంట్లోనే చదివించడం మొదలుపెట్టింది. వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, బైబిల్లో కీర్తనలు చదివిస్తూ తెలుగు అక్షరాలు దిద్దించింది. ఈ నాలుగు ముక్కలు ఈ రోజు తెలుగులో రాయగలుగుతున్నానంటే అది ఆ వంటింటి బల్ల పెట్టిన భిక్ష. లెక్కలు మాత్రం అమ్మ వల్ల కాలేదు. అంకుల్‌ది సెకండ్ షిఫ్ట్ కాబట్టి మధ్యాహ్నం దాకా ఇంట్లోనే ఉండేవారు. రోజూ పొద్దున్నే నేను పలకా పుస్తకం పట్టుకుని మెట్లెక్కేదాన్ని.

ఆయన గొంతు చాలా పెద్దది. ప్లాంట్ హోరులో అరిచి అరిచి అలా అయిపోయిందని ఆంటీ చెప్పేది. "ఏమ్మా తల్లీ, మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా? పిజ్జా ముక్క తీసుకునేటప్పుడు బాగానే తెలుస్తుందే, కాగితం మీదకొచ్చేసరికి ఏమొచ్చింది?" అని ఆయన అడిగితే పక్క బిల్డింగ్‌లోవాళ్ళకి కూడా భిన్నాలు వచ్చేసేవి. తప్పు చేస్తే అరిచేవారు, సరిగ్గా చేస్తే అంతకన్నా గట్టిగా అరిచేవారు. ఆ రెండో అరుపు కోసమే నేను లెక్కలు నేర్చుకున్నాను.

ఎనభైల మొదట్లో ఒక మార్చి నెల అది. మంచు కరిగి నేలంతా చిత్తడిగా ఉంది. ఆదివారం మధ్యాహ్నం ఒక అమెరికన్ చర్చి వాళ్ళ బేస్‌మెంట్‌లో మా తెలుగు ఆరాధన జరిగేది. కారు దిగి ఆంటీ పులిహోర గిన్నె ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో చీర కాస్త పైకెత్తి నీటిగుంట దాటింది. కాలికి వేసుకున్న సాక్స్ జారి మడమ దగ్గరికొచ్చింది. వెనకాల అమ్మా, నేనూ, మా స్త్రీల ప్రార్థన నడిపించే పెద్దాంటీ వస్తున్నాం. ముగ్గురమూ చూశాం. ఆంటీ మోకాలి కింద, ముంగాలు పొడవునా, నీలమూ నలుపూ బూడిదా కలిసిన మచ్చలు. సిరా ఒలికిన తెల్ల చొక్కాని ఎన్నిసార్లు ఉతికినా మిగిలిపోయే రంగు ఉంటుందే, అలాంటి రంగు. రెండో కాలూ అలాగే ఉంది.

పెద్దాంటీ అమ్మ మోచెయ్యి పట్టుకుంది. అనాల్సిందంతా ఆ పట్టులోనే ఉంది.

మా సంఘంలో ఫోన్ ప్రార్థన అని ఒక పద్ధతి ఉండేది. ఎవరికైనా కష్టమొస్తే పెద్దాంటీ ఒకరికి ఫోన్ చేసి చెప్పేది, ఆ ఒకరు ఇంకొకరికి, ఆ ఇంకొకరు మరొకరికి. ఒక గంటలో ఊరంతా ఉన్న తెలుగువాళ్ళు ఒకే మాట మీద మోకరించేవాళ్ళు. నేను ఉబ్బసంతో ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆ ప్రార్థనలే నన్ను మోశాయని ఇప్పటికీ నమ్ముతాను. ఆ మర్నాడు మా ఫోన్ మోగింది. పెద్దాంటీ గొంతు రిసీవర్ దాటి నాకూ వినిపించింది.

"వందనాలమ్మా. మన సోదరి ఒకామె కోసం భారంగా ప్రార్థించాలి. ఇంట్లో హింస ఉంది. పేరు చెప్పడం మర్యాద కాదు, చెప్పను. మీ పైనే ఉంటుంది."

ఆ రోజునుంచి మా ఇంటి కప్పు మాట్లాడే ప్రతి మాటకీ కొత్త అర్థం వచ్చింది. సాయంత్రాలు పైన దబ్ దబ్ అని చప్పుడయ్యేది. అంతకుముందు అది ఉట్టి చప్పుడు. ఇప్పుడు అమ్మ చేతిలో గరిటె ఆగిపోయేది. ఆ టైమ్‌లో అంకుల్ షిఫ్ట్‌లో ఉంటారు కదా అని మాలో ఎవరికీ తట్టలేదు. అనుమానానికి గడియారం చూసే అలవాటు ఉండదేమో. ఆంటీ ఇంట్లో కూడా సాక్స్ వేసుకునే ఉంటుందని అమ్మ గమనించింది. పొడుగు చేతుల జాకెట్లే వేసుకుంటుందని పెద్దాంటీ గమనించింది. ఆంటీ ఈమధ్య పాటల్లో గొంతు కలపడం లేదని ఇంకెవరో గమనించారు. అన్నీ నిజాలే. అన్నీ కలిపి కుట్టిన గుడ్డ మాత్రం ఎవరికి వాళ్ళు కుట్టుకున్నదే.

లెక్కలు మానిపించలేదు గానీ, అమ్మ నాతోపాటు పైకి రావడం మొదలుపెట్టింది. బీన్స్ తరుగుకుంటానని ఒక చిప్ప పట్టుకొచ్చి సోఫాలో కూర్చునేది. తరిగేది బీన్స్, చూసేది ఆయన్ని. నేనూ ఆయన చేతులే చూసేదాన్ని. పెన్సిల్ ఎలా పట్టుకుంటున్నారు, కోపమొస్తే వేళ్ళు ముడుచుకుంటున్నాయా అని. భయంతో నాకు లెక్కలు తప్పు పోవడం ఆగిపోయింది. ఒకరోజు ఆయన నా పుస్తకం మూసి నా మొహంలోకి చూశారు.

"ఏంటమ్మా, ఈమధ్య తప్పులు చేయట్లేదేం? ఒంట్లో బాలేదా?"

నేను లేదన్నట్టు తల ఊపాను. వంటింట్లో ఆంటీ చేతిలోని గ్లాసు సింక్‌లో జారిపడి విరిగింది. మామూలుగా అయితే ఆయన అక్కణ్ణుంచే ఏదో జోకు వేసేవారు. ఆ రోజు ఊరికే ఆమె వైపు చూసి, తల దించుకున్నారు. ఆయన కూడా దేనికోసమో భయపడుతున్నారని నాకు అనిపించింది. తప్పు చేసినవాళ్ళు కూడా భయపడతారు కదా అని వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. పిల్లల మనసులో అనుమానం పెద్దవాళ్ళ కంటే త్వరగా ఏపుగా పెరుగుతుంది.

మా నాన్నది వేరే బాధ. "పోలీసులకు చెప్తే ఏమవుతుందో తెలుసా? వాళ్ళ గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. కేసంటూ పడితే కార్డ్ పోయె, జాబ్ పోయె. తీరా మనం అనుకున్నది కాకపోతే?" అన్నాడు. "తీరా మనం అనుకున్నదే అయితే?" అంది అమ్మ. పెద్దాంటీ మాత్రం తేల్చేసింది. ఈస్టర్ ఆరాధన అవగానే పెద్దలు నలుగురూ కలిసి వెళ్ళి ఆంటీని తన ఇంటికి తీసుకొచ్చేస్తారు. అంకుల్ అడ్డొస్తే అప్పుడు పోలీసులే.

ఈస్టర్‌కి ముందు గురువారం మా సంఘంలో స్త్రీలు స్త్రీలకు, పురుషులు పురుషులకు పాదాలు కడిగే ఆరాధన ఉండేది. ప్రభువు తన శిష్యులకు చేసినట్టే. పదవులూ చదువులూ పక్కన పెట్టి, ఒకరి ముందు ఒకరు మోకాళ్ళ మీద కూర్చుని, పళ్ళెంలో నీళ్ళు పోసి కడిగి తువాలుతో తుడిచేవాళ్ళు. ఏటా దానికి అందరికన్నా ముందు వచ్చే ఆంటీ, ఆ పొద్దున జ్వరమని పెద్దాంటీకి ఫోన్ చేసింది. క్షణాల్లో పెద్దాంటీ దగ్గర్నుంచి మాకు ఫోన్ వచ్చింది. "చూశావా? కాళ్ళు చూపించాల్సొస్తుందని."

అమ్మ ఫోన్ పెట్టేసి, పనుల మధ్యలో కిటికీ దగ్గరికి వస్తూ పోతూ ఉంది. మధ్యాహ్నం అంకుల్ కారు పార్కింగ్‌లోంచి బయటికెళ్ళింది. అప్పుడు బట్టలు నానబెట్టే ప్లాస్టిక్ బేసిన్, ఒక తెల్ల తువాలు తీసి నా చేతిలో పెట్టింది.

"నడు పైకి. నువ్వు ముందు నిలబడు. నిన్ను చూస్తే తలుపు తీస్తుంది."

నిజంగానే తీసింది. జ్వరమున్న మొహం కాదు, ఏడ్చిన మొహం. అమ్మ లోపలికెళ్ళి బాత్‌రూమ్‌లో గోరువెచ్చటి నీళ్ళు పట్టుకొచ్చి, సోఫాలో కూర్చుని, తన కాళ్ళే బేసిన్‌లో పెట్టేసింది.

"ఇవాళ చర్చికి నువ్వు రావన్నావు. నా కాళ్ళెవరు కడుగుతారు? రా, కడుగు. పగుళ్ళున్నాయి, జాగ్రత్త, చెయ్యి గీసుకుంటుంది."

ఆంటీ నవ్వబోయి ఆగి, కింద కూర్చుంది. అమ్మ కాళ్ళు ఏమంత చూడ్డానికి బాగుండవు. ఉబ్బిన నరాలు, పగిలిన మడమలు, చిన్నప్పుడు గంజి పడి కాలిన మచ్చ. ఆంటీ ఒక్కో వేలూ నెమ్మదిగా కడిగి తుడిచింది. తుడవడం అయ్యాక అమ్మ లేచి, ఆమెను తన చోట కూర్చోబెట్టి, తను కింద కూర్చుంది. ఆంటీ సాక్స్ మీద చెయ్యి పెట్టి అలా ఉండిపోయింది.

"ఆయన కొట్టాడా?" అని అమ్మ అడిగింది. అంత సూటిగా అడుగుతుందని నేనూ అనుకోలేదు.

ఆంటీకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కళ్ళల్లో నీళ్ళతోనే నవ్వొచ్చేసింది. "ఆయనా? బాత్‌టబ్‌లో సాలీడు కనిపిస్తే నన్ను కేకేస్తారక్కా ఆయన!"

"మరి సాయంత్రాలు ఆ చప్పుడు?"

"పచ్చడి బండ. కింద పెట్టుకుని దంచుతాను. మీకు వినబడుతోందా? అయ్యో, ఇన్నాళ్ళూ చెప్పరేం!"

అని, ఆ నవ్వు మధ్యలోనే ఏడుపులోకి జారిపోయి, సాక్స్ తనే తీసేసింది. దగ్గర్నుంచి చూస్తే ఆ నీలం ఇంకా భయంగా ఉంది. దెబ్బ తగిలిన చోట వాపు ఉంటుంది, కొన్నాళ్ళకు పచ్చబడుతుంది. ఇది చదునుగా, చర్మం లోపల ఎవరో రంగు పూసినట్టు ఉంది. అప్పుడు ఆంటీ చెప్పింది. తను పుట్టి పెరిగింది కోస్తాలో మిషన్‌వాళ్ళ కుష్టు ఆస్పత్రి పక్కనే. మచ్చ కనబడిందని మొగుడు గేటు దగ్గర దించేసి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయిన ఆడవాళ్ళను కళ్ళారా చూసింది. తన కాళ్ళ మీద మొదటి మచ్చ చూసిన రోజునుంచీ ఆమె మనసులో ఆ గేటే ఉంది.

"గ్రీన్ కార్డ్‌కి మెడికల్ ఉందక్కా. ఒళ్ళంతా చూస్తారట. ఇది ఆ జబ్బయితే మమ్మల్ని పంపేస్తారు. ఆయన ఇన్నేళ్ళ కష్టం నా కాళ్ళ వల్ల పోతుంది. పైగా ఆయన కళ్ళ సంగతి తెలుసుగా? సూదంత మచ్చ పట్టేస్తారు. అందుకే పడుకున్నా సాక్స్ తీయను."

అమ్మ కూడా మిషన్ బళ్ళో చదువుకున్నదే. ఏడాదికోసారి పిల్లలందరికీ కళ్ళు మూయించి, ఈకతో అక్కడా ఇక్కడా తాకి, ఎక్కడ తాకామో చూపించమనేవారట. ఆ జబ్బున్న మచ్చకు స్పర్శ తెలియదు. "ఆ పరీక్ష నీకూ చేసుంటారుగా. చేసుకుని చూడలేకపోయావా?" అంది అమ్మ.

"చేసుకున్నానక్కా, ఎన్నోసార్లు. కానీ నా చేత్తో నేనే తాకుతుంటే, తెలిసేది కాలికో చేతికో ఎలా చెప్పను? కళ్ళు మూసుకున్నా ఎక్కడ తాకుతున్నానో నాకు ముందే తెలుసు కదా."

అమ్మ తువాలు అంచునుంచి ఒక దారం పీకి నాకిచ్చింది. తను ఆంటీ వెనక్కి వెళ్ళి, అరచేత్తో ఆమె కళ్ళు మూసింది. "దాగుడుమూతలు ఆడుకుందాం. నువ్వు ముట్టుకో, ఆంటీ చెప్తుంది" అంది నాతో.

దారం కొసతో ఆ నీలం మీద తాకాను. "ఇక్కడ" అని ఆంటీ సరిగ్గా అక్కడే వేలు పెట్టింది. పక్కన బాగున్న చర్మం మీద తాకాను. "ఇక్కడ." ఇంకో కాలి మీద, అన్నిటికన్నా నల్లగా ఉన్న మచ్చ మధ్యలో, తాకిందో లేదో అన్నట్టు తాకాను. "ఇక్కడ, ఇక్కడ!" అప్పుడు నాకు చిన్న కొంటెతనం పుట్టి, దారం గాల్లోనే పట్టుకుని ఊరుకున్నాను. కాసేపు ఎదురుచూసి ఆంటీ అంది, "ఏమైందే? ఆపేశావేం?"

అమ్మ చెయ్యి తీసేసింది. ఆ చెయ్యి తడిసిపోయి ఉంది. ఆంటీ మాత్రం తన కాళ్ళ వైపు, ఎవరో తప్పిపోయి తిరిగొచ్చినవాళ్ళను చూసినట్టు చూసుకుంటోంది.

"ఇది నా మాట. డాక్టర్ మాట వేరే వినాలి. నువ్వు ఏ డాక్టర్ దగ్గరికెళ్తావు?" అంది అమ్మ.

"మొటిమల డాక్టరే. ఈ దేశం వచ్చినప్పటినుంచీ మొహం నిండా మొటిమలు. ఆయనిచ్చే యాంటీబయాటిక్ మాత్రలు ఏళ్ళుగా వేసుకుంటున్నా. అవి మొహానికి బాగా పనిచేశాయక్కా."

"మరి ఆయనకి కాళ్ళు చూపించావా?"

"మొటిమల డాక్టర్‌కి మొహం చూపిస్తాం గానీ కాళ్ళెందుకు చూపిస్తాం?"

అదే జరిగింది. వెళ్ళినప్పుడల్లా చీర కట్టుకుని, పాదాల దాకా కప్పుకుని కూర్చుంది. ఆయన మొహం చూసి గుడ్ అనేవాడు, అవే మాత్రలు మళ్ళీ రాసిచ్చేవాడు. మర్నాడే అమ్మ కూడా వెళ్ళి, చీర పైకెత్తించి నిలబెట్టింది. ఆ డాక్టర్ చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని, చాలాసేపు నొక్కి నొక్కి చూసి, పెదవి ఎత్తి చిగుళ్ళు కూడా చూశాడట. అక్కడా అంచుల్లో కొంచెం నీలం ఉంది. ఆ మాత్రలు ఏళ్ళ తరబడి వాడితే కొద్దిమందికి ఇలా చర్మం కింద రంగు చేరుతుందని, ఇది కుష్టూ కాదు, అంటుకునేదీ కాదని, మాత్రలు ఇవాళే ఆపేయమని చెప్పాడు. "నేను అడగాల్సింది, అడగలేదు, ఐ యామ్ సారీ" అని కూడా అన్నాడట. తర్వాత పరీక్షలు చేయించి తన మాట ఖాయం చేసుకున్నాడు. మెడికల్‌లో ఏమని చెప్పాలో వివరంగా చెప్పి పంపాడు. అలా చెప్పినందుకు ఆయన ఎవరో ఏ ఊరివాడో నాకు తెలియకపోయినా ఇప్పటికీ దీవిస్తాను.

డాక్టర్ని చూసొచ్చిన సాయంత్రమే అమ్మ ఫోన్ ప్రార్థన తనే మొదలుపెట్టింది. "మన సోదరికి మందు వల్ల కాళ్ళు నీలమయ్యాయి. పేరు చెప్తున్నాను, తనే చెప్పమంది." అవతల పెద్దాంటీ, "మందుకు కాళ్ళు నీలమవుతాయా ఎక్కడైనా? సరే, ప్రార్థించడం మన వంతు" అంది. పెద్దల్ని పంపడం మానుకుంది గానీ, ఆవిడ పూర్తిగా నమ్మిందని నేను అనుకోను. ఆ తర్వాత చాలాకాలం అంకుల్ షేక్ హ్యాండ్ ఇస్తే ముందు ఆ చెయ్యి చూసి, తర్వాత తన చెయ్యి ఇచ్చేది.

అంకుల్ ఈస్టర్ మర్నాడు మా ఇంటికొచ్చారు. ఎప్పుడూ తలుపు తట్టేలోపే గొంతు వచ్చేది. ఆ రోజు వచ్చి కూర్చునేదాకా గొంతే లేదు.

"రంగు తేడా ఉన్న బండిని వెనక్కి పంపడం నా పనే అక్కా. పెళ్ళాన్ని కూడా పంపేస్తానని ఎలా అనుకుంది? నన్ను దగ్గరికి రానివ్వకపోతే, నేనంటే ఇష్టం పోయింది, ఇండియా వెళ్ళిపోతుంది కాబోలు అనుకున్నాను. అడగడానికి భయమేసింది." నేల చూస్తూ అన్నారు, "నేను కొడుతున్నానని అందరూ అనుకున్నారట. మీరూ అనుకున్నారా?"

అమ్మ అబద్ధమాడి ఉంటే ఆయన నమ్మేవారు. నాన్న దగ్గాడు కూడా. అమ్మ ఆయన కళ్ళల్లోకి చూసి, "అనుకున్నాను తమ్ముడూ" అంది.

ఆయన తల ఊపారు. మళ్ళీ ఊపారు. "మీరు వచ్చి అడిగారు. మిగతావాళ్ళు అనుకుని ఊరుకున్నారు" అన్నారు. అమ్మ ఇచ్చిన కాఫీ మొత్తం తాగి, గ్లాసు తనే సింక్‌లో పెట్టి, గుమ్మం దాటాక మెట్ల మీదనుంచి అరిచారు, "పొద్దున్నే రావాలి! మీ అమ్మ బీన్స్ ఇంట్లోనే తరుక్కోవచ్చు!"

మెడికల్ గడిచింది, కార్డ్ వచ్చింది. ఆంటీ కాళ్ళ మీద నీలం ఏళ్ళు పట్టి బూడిదరంగులోకి దిగింది గానీ పూర్తిగా పోలేదు. ఆమె దాన్ని దాచడం మానేసింది. ఎండాకాలం వాన పడితే పార్కింగ్ లాట్‌లో చీర ఎత్తి మరీ నీళ్ళు దాటేది.

ఇప్పుడు నాకు మనవలు వచ్చే వయసు. ఈ దేశంలో, ఈ గోడల మధ్య, అనుమానాలు రావడానికి కారణాలు తక్కువేం కావు. వస్తే నేను మోకరించి ప్రార్థిస్తాను. కానీ మోకాళ్ళ మీదే ఉండిపోను. నా అనుమానాన్ని నేనే తాకి చూసుకుంటే అది నిజమో, నా భయమో నాకు తెలియదు. అందుకని దాని గురించి ఎవరికీ ఫోన్ చేయను. చెప్పులేసుకుని ఆ మనిషి గుమ్మం దాకా వెళ్తాను. కొన్నిసార్లు నా అనుమానమే నిజమైంది కూడా. అలాంటి ఒక ఇంట్లో, తలుపు తీసిన ఆ అమ్మాయి నన్ను చూసి పక్కకి జరిగి దారిచ్చింది. నేను లోపలికి వెళ్ళాను.